వేసవి ప్రయాణపు పద్దు

ప్రయాణము ముగించుకొని వచ్చిన పిదప చూచిన వింతలను గూర్చి పత్రికలకు వ్రాయుట లోకమందలి వాడుక. నేనింకను గడప దాటలేదు. మా పెట్టెలు అటకమీదనే యున్నవి. అయినను ఈ వ్యాసము వ్రాయ పూనుకొంటిని. ఏలయన, ఎచ్చటికి పోవలయును, ఎన్ని దినములు, ఎచ్చట నిలువవలయును అను చర్చలోనే మా యింట పదునైదు దినములు గడచినవి. ఇట్టి చర్చ మీ యిండ్లలోను వేసవి రాగానే పుట్టుననియే నా నమ్మకము. అందు ఆడువారి మాట యెంతవఱకు చెల్లునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

మాది కలకడ. కడపనుండి రాయచోటి, పీలేరుల మీదుగా చిత్తూరునకు పోవు పెద్దరోడ్డు మా యూరిమీదుగనే పోవుచున్నది. రాత్రియెల్ల లారీల చప్పుడు వినబడుచుండును. ఎవరెవరో ఎక్కడెక్కడికో పోవుచున్నారని పడుకొని వినుటయే గాని, ఊరక ఒక యూరు చూచుటకని ఆ రోడ్డెక్కుట నా కెన్నడును తటస్థింపలేదు. నా ముప్పదియాఱేండ్ల జీవితములోని ప్రయాణములన్నియు నాలుగు తెగలుగా చెప్పవచ్చును: పెండ్లిండ్లు, పురుళ్లు, చావులు, మ్రొక్కుబళ్లు. ఒకప్పుడు ఒంటిమిట్టలో బంధువుల పెండ్లికి పోయి మూడు దినములుంటిని. ఆ మూడు దినములును వంటపందిరిలో కూరలు తఱుగుటతోనే సరిపోయినవి. కోదండరామస్వామి ననుసరించి పోతనగారిని తలచుకొనుచు ఆ మండపములో కాసేపు కూర్చుండవలెనని యెంతయో అనుకొంటిని. తుదకు వ్యాను కదలుచుండగా పరుగెత్తి ఒక్క నమస్కారము చేసి వచ్చితిని.

నా బడిచదువు పదవ తరగతితో ఆగినది. మిగిలిన చదువెల్ల కడపలో మా తాతగారి పడకకుర్చీ ప్రక్కన జరిగినది. అమరము, రఘువంశములో కొన్ని సర్గలు, భాగవతము, ఆపైన ద్విపదకావ్యములు వారు నాచేత చదివించిరి. కావుననే నాకు ఊళ్ల పేరులు ముందుగా పుస్తకములలో పరిచయమైనవి. కన్నులతో చూచుట మిగిలిపోయినది.

ఈ యేడే పోవలయునని పట్టుపట్టుటకు కారణము కలదు. మా పెద్దమ్మాయి పదవ తరగతి పరీక్షలు వ్రాసినది. జూను నెలలో వేఱొక యూరిలో హాస్టలులో చేరును. ఆ కళాశాలలవారికి వేసవి యనగా మఱికొన్ని తరగతులని మాత్రమే అర్థము. ఒకసారి చేరిన పిల్ల మరల నెల దినములు ఇంట నిలుచుట ఇకముందు పండుగవంటి మాట. మా అత్తగారికి డెబ్బదిరెండేండ్లు నిండినవి. మోకాళ్లు ఏటేట మొండికెత్తుచున్నవి. ఈ ఐదుగురము, అనగా అత్తగారు, మావారు, నేను, అమ్మాయి, పదేండ్ల చిన్నవాడు, ఒక్క బండిలో కూర్చుండి తొందరలేక ఊళ్లు చూడగల వేసవి ఇదియొక్కటే కాబోలునని నాకు తోచినది. ఈ మాట పైకి ఎవ్వరితోను అనలేదు. చీటీ పాడి ముప్పదివేల రూపాయలు తెచ్చి మావారి ముందు పెట్టితిని.

మావారు ఉన్నతపాఠశాలలో సాంఘికశాస్త్రోపాధ్యాయులు. ఇరువదియేండ్లుగా గోడపటముమీద బెత్తముతో చూపించుచున్న ఊళ్లన్నింటిని కన్నులార చూడవలయునని వారి కోరిక. అది తప్పని నేననను. కాని ఆ మఱునాటి సాయంకాలము వారు వ్రాసి తెచ్చిన కాగితము చూచి నాకు నవ్వును, భయమును ఒక్కసారిగా కలిగినవి. ఏడు దినములు, పదునాఱు చోట్లు. గండికోట, బెలుం గుహలు, తాడిపత్రి, పెనుకొండ, లేపాక్షి, హార్సిలీకొండ, పుంగనూరు, కుప్పము, చంద్రగిరి, శ్రీకాళహస్తి, ఇంకను ఏమేమో. మొత్తము పదమూడువందల కిలోమీటర్లు. 1565లో యుద్ధములో ఓడి విజయనగరము విడిచిన రాజులు పెనుకొండ చేరి, అచ్చటనుండి రాజధానిని చంద్రగిరికి మార్చుకొనుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టినదని పిల్లలకు చెప్పునది వారే. వారి కాగితములో ఆ రెండూళ్ల నడుమ ఒక్క రాత్రి యుండెను.

"ఏమండీ, దీనిలో మనము నిద్రపోవునది యెప్పుడు?" అంటిని.

"కారులో పడుకోవచ్చు గదా," అనిరి.

మూడేండ్ల క్రిందట మే నెలలో ఇట్లే ఒక్క దినములో నాలుగు చోట్లు చూడబోతిమి. మొదటి యూరిలో ఆలస్యమైనది. రెండవ యూరు చేరునప్పటికి గుడి తలుపులు మూసిరి. మఱల సాయంకాలము నాలుగింటికి గాని తెఱవరట. అంతవఱకు నిలుచుటకు మా కాగితము ఒప్పుకొనలేదు. మావారు మూసిన తలుపులకే ఫోటో తీసికొనిరి. మూడవది కోట. పట్టపగలు రెండు గంటలు. రాళ్లు కాలుచున్నవి. "అరగంటలో ఎక్కి దిగుదము" అనిరి. అత్తగారు మేము వెనుకబడుదుమని భయపడి, కాళ్లు నొచ్చుచున్నవని చెప్పకయే ఎక్కసాగిరి. నలువది మెట్లెక్కిన పిమ్మట కన్నులు తిరిగి కూలబడిరి. మా చేతిలోని సీసాలో రెండు గుక్కల నీళ్లుండెను. చెట్టు నీడ లేదు. నేను నా చెఱగు పట్టుకొని ఆమెకు నీడ పట్టితిని. ఎవరో మేకలు కాయు పిల్లవాడు పరుగెత్తి కుండలో మజ్జిగ తెచ్చెను. ఆనాడు ఇంటికి వచ్చినంతవఱకు మా అత్తగారు "నావల్ల మీ ప్రయాణము చెడినది" అని పదిసార్లు చెప్పుకొనిరి. ఆ మాట ఆమె నోట మఱల రాకూడదని నా పంతము.

కావున ఈసారి నేనును కాగితము తీసికొంటిని. ముందుగా లెక్క వేసితిని. మా రోడ్లమీద, పెద్దవారిని, పిల్లవానిని పెట్టుకొని, దారిలో ఆగుచు పోయినచో గంటకు నలువది కిలోమీటర్లకు మించి సాగదు. పదమూడువందల కిలోమీటర్లనగా ముప్పదిరెండున్నర గంటలు. అది ఏడు దినములకు పంచినచో దినమునకు నాలుగున్నర గంటలకు పైమాటే. పగలు పదకొండునుండి నాలుగు గంటలవఱకు మా సీమలో బయట తిరుగరాదు. గుళ్లును ఇంచుమించు ఆ వేళలోనే మూసియుందురు. తెల్లవారుజామున ఐదింటినుండి పదకొండువఱకు ఆఱు గంటలు, సాయంకాలము నాలుగింటినుండి ఏడువఱకు మూడు గంటలు. ఈ తొమ్మిదింటిలో నాలుగున్నర కారునకే పోయినచో, స్నానము, ఫలహారము, పెట్టెలు సర్దుట, లెక్కలు చెల్లించుట పోను, ఊరు చూచుటకు మిగులునది గంటయో రెండు గంటలో. ఆ గంటకొఱకు ముప్పదివేలు!

మావారు లెక్కను రెండుమార్లు సరిచూచిరి. లెక్కలలో తప్పు దొరకలేదు. "అట్లయిన ఏది తీసివేయుదువు?" అనిరి. అసలు కష్టము అక్కడ మొదలైనది.

మొట్టమొదట నేను కొట్టివేసినది లేపాక్షి. ఈ మాట వ్రాయుచుండగనే నాకు మనసు చివుక్కుమనుచున్నది. పదునాఱు చోట్లలో నేను మిక్కిలిగా కోరినది అదియే. అచ్యుతరాయల కాలమున, 1530వ సంవత్సరపు ప్రాంతములలో, విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయము. నేలకు పూర్తిగా ఆనని స్తంభమును, ఒక్క రాతిలో చెక్కిన పెద్ద నందిని అందఱును చెప్పుదురు. నా మనసు మాత్రము పైకప్పు చిత్రములమీద నున్నది. అందలి స్త్రీలు కట్టిన చీరెల అంచులు, కొంగులు, స్తంభములమీది లతల అల్లికలు నేటికిని నేతగాండ్రు తమ మగ్గములమీదికి తెచ్చుకొనుచున్నారు. నా పెండ్లిచీరె అంచు లేపాక్షి అంచే. ఐదువందలేండ్ల క్రిందటి చిత్రకారుడు గోడకు కట్టిన చీరె నాకు కట్టబెట్టిరి. దానిని మెడయెత్తి గంటసేపు చూడవలెనని నా ఆశ. కాని లేపాక్షి పోయి వచ్చుటకే రెండు దినములు కావలయును. నాది ముందు కొట్టివేయక వారివి కొట్టివేయుమనుట న్యాయము కాదని తోచినది. నా గీత చూచి మావారు కొంతసేపు మాటాడలేదు. పిదప వారే బెలుం గుహలను, తాడిపత్రిని, గండికోటను కొట్టివేసిరి. కుప్పము మా పాత జిల్లాకు దక్షిణపు కొన. 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయములో వారి మిత్రులొకరు కలరు. దానిని కొట్టివేయునపుడు మాత్రము కలము కొంచెము తడబడినది.

ఇట్లు ఎనిమిది మిగిలినవి. ఆ రాత్రి అమ్మాయి ఫోనులో పటము తెఱచి ఒక్కొక్క యూరి దూరము చూచి చెప్పుచుండెను. అత్తగారు గోడకానుకొని వత్తులు చేసికొనుచుండిరి. పదునేడేండ్లలో ఆమె నన్ను ఫలానిది కావలయునని అడిగినది లేదు. అట్టి యామె తల యెత్తక, "తరిగొండ యెంతదూరమమ్మా?" అనిరి.

అమ్మాయి చూచి, "దగ్గరే నాయనమ్మా, గుఱ్ఱంకొండ పక్కనే. గంటలో పోవచ్చు," అనెను.

"ఆయమ్మ బొట్టు తీసెయ్యనన్న్యాదంట గదా. ఆ గుడి ఒకసారి చూడాల," అనిరి అత్తగారు.

తరిగొండ వెంగమాంబను గూర్చి మీలో ఎఱుగనివారుండరు. 1730లో పుట్టి, బాల్యముననే భర్తను పోగొట్టుకొని, వేంకటేశ్వరుడే నా భర్త యని, విధవలకు విధించిన చిహ్నములను తాల్చ నిరాకరించిన యామె. మదనపల్లెలో సుబ్రహ్మణ్యశాస్త్రిగారివద్ద ఉపదేశము పొంది, తరిగొండ నృసింహశతకముతో మొదలుపెట్టి, వేంకటాచలమాహాత్మ్యము, ద్విపదభాగవతము, వాసిష్ఠరామాయణము మొదలగు గ్రంథములు రచించెను. నరసింహస్వామి గుడిలో ఆంజనేయ విగ్రహము వెనుక కూర్చుండి ధ్యానము చేయుచుండగా పూజారి యీడ్చివేసెననియు, అంతట ఆమె ఊరు విడిచి తిరుమల చేరెననియు చెప్పుదురు. 1817లో తిరుమలలోనే దేహము చాలించెను. నేడు కొండమీద వేలమంది భోజనము చేయు అన్నప్రసాదశాల ఆమె పేరనే యున్నది. ఊరివారు వెళ్లగొట్టిన యాడుదాని పేరు చెప్పుకొని దేశమంతయు అన్నము తినుచున్నది.

మా అత్తగారికి ముప్పదియొకటవ యేట మామగారు పోయిరి. అప్పుడు మావారు పాలు త్రాగు బిడ్డ. ఆనాడు పెద్దలు ఏమేమి తీయించిరో ఆమె యెన్నడును చెప్పలేదు, నేనును అడుగలేదు. శుభకార్యములలో ఆమె తానై వెనుక గదిలోనికి పోవుట మాత్రము చూచుచున్నాను. వెంగమాంబ ద్విపదలు నేను ఇంట చదువునపుడు పని యాపి వినుచుండిరి. కవిత్వమందలి ప్రీతి యనుకొంటిని. గంటసేపటి దూరమునందున్న ఊరు చూడవలెనను కోరిక ఈ నలువదియేండ్లుగా ఆమె మనసులో నున్నదని నాకు తెలియదు. తాతగారివద్ద ఆ ద్విపదలు నేర్చిన నేను ఆ యూరికి ఇంత దగ్గఱగా కాపురము చేయుచు ఒక్కనాడైనను పోవుదమనలేదు. ఆ రాత్రి నాకు సిగ్గు వేసినది.

మావారు కాగితమును మడిచి ప్రక్కన పెట్టిరి. మఱునాటినుండి మా చర్చ రీతి మాఱిపోయినది. ఎన్ని ఊళ్లు అను మాట పోయి, ఏ యూరిలో ఎంతసేపు అను మాట వచ్చినది.

ఇప్పటి నిర్ణయము వినుడు. మొత్తము పది దినములు, ఐదువందల కిలోమీటర్లకు లోపలనే. బడులు మూసిన పిదప ఏప్రిలు చివరివారమున బయలుదేఱి, మే మొదటివారమున కత్తెర పుట్టునప్పటికి ఇల్లు చేరవలయును. ముందు తూర్పు భాగము. రాజంపేట, కడప వైపు ఎండ క్రూరము గనుక అది ఏప్రిలులోనే ముగియవలయును. పిదప రెండు దినములు ఇంట విశ్రాంతి. ఆపైన పడమటి భాగము. మదనపల్లె ఎత్తున నున్నది, రాత్రులు గాలి చల్లగా నుండును.

నడుమ ఇంటికి వచ్చుట విని ఇరుగుపొరుగువారు నవ్విరి. "యాత్రకు పొయ్యేది యెవరన్నా మధ్యలో ఇంటికొస్తారా?" అని. రానిచో ఏమగునో ఆలోచింపుడు. పదిదినముల బట్టలు ఐదుగురికి మోయవలయును. లాడ్జీలలో ఉతుకుట ఎవరి పని? మా గేదెను పదిదినములు పొరుగువారికి అప్పగించుట కంటె నాలుగేసి దినములు అప్పగించుట మర్యాద. అత్తగారు తన మంచముమీద రెండు రాత్రులు నిద్రించి లేతురు. కలకడ నడుమ నున్నది, తూర్పును పడమరయు చెరియొక వైపు. భగవంతుడు ఈ యూరిని ఇచ్చట పెట్టినది ఈ సౌకర్యమునకే కాబోలునని నేనన్న మాటకు మావారు చిరునవ్వు నవ్విరి.

తూర్పు భాగములో మొదటిది రాయచోటి వీరభద్రస్వామి దర్శనము. ఎండ యెక్కకముందే ముగించి రాజంపేట చేరుట. సాయంకాలము తాళ్లపాక. అన్నమాచార్యుల (1408–1503) జన్మస్థలము. రోడ్డు ప్రక్కనున్న నూటయెనిమిదడుగుల విగ్రహమును బస్సు కిటికీనుండి చూచి, ఇదియే తాళ్లపాక యనుకొని పోవువారు వేలమంది. నేనును వారిలో ఒకతెను. ఊరు లోపలికి నున్నది. నాకు అచ్చట ఆయనకంటె ఆయన భార్య తిమ్మక్కను తలచుకొనవలెనని యున్నది. సుభద్రాకల్యాణము వ్రాసిన ఆమెను తెలుగువారి తొలి కవయిత్రి యని పెద్దలనేకులు చెప్పుదురు. వేల సంకీర్తనలు పాడుచు, తఱచు కొండమీదనే యుండు భర్త, వచ్చి పోవు శిష్యులు. ఆ సంసారము నడుమ ఆమె ఏ వేళ కూర్చుండి వ్రాసెనో! సాయంకాలపు వేళ ఆ వీధిలో నడచునపుడు ఈ ప్రశ్ననే అమ్మాయితో మాటాడుకొనవలెనని నా యాలోచన.

మఱునాడు నందలూరు సౌమ్యనాథస్వామి. అచ్చటికి పోవు దారిలో చెయ్యేరు దాటవలయును. 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లె మొదలగు ఊళ్లమీద ఆ యేరు పడినది. కార్తికపౌర్ణమినాటి దీపములు పెట్టుటకు గుడికి చేరినవారు కొట్టుకొనిపోయిరి. చిన్నవానికి చరిత్ర యనగా కోటలును రాజులును మాత్రమేయని యున్నది. ఎండిన ఇసుకలో నిలిచి ఆ కథయు వానికి చెప్పవలయును. ఇది మావారి యాలోచన, నాకు నచ్చినది.

ఆనాటి సాయంకాలమే ఒంటిమిట్ట. శ్రీరామనవమి యుత్సవముల సందడి అప్పటికి అణగియుండును. సీతారామలక్ష్మణులు ఒక్క శిలయందే. హనుమంతుడు వారితో లేడు. 1652లో ఫ్రాన్సు దేశపు వర్తకుడు టావర్నియే ఈ గోపురమును చూచి మెచ్చుకొనెను. వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936) కొబ్బరిచిప్ప చేతబట్టి ఊరూర యాచించి, ఆ కాసులతో ఈ గుడిని ఉద్ధరించిరి. ఈసారి నేను ఆ మండపములో చేతులు కట్టుకొని కూర్చుందును, కూరలు తఱుగను. రాత్రికి కడపలో మా పుట్టింటి మిద్దెమీద పడక. ఖర్చు లేదు.

పడమటి భాగములో ముందు పుంగనూరు. ఇది చిన్నవాని వంతు. జమీందారుల కోటకంటె వానికి పుంగనూరు ఆవు ముఖ్యము. సుమారు మూడడుగుల ఎత్తు మాత్రమే యుండు ఆ జాతి ఆవును చూచి, "నాకంటె పొట్టి" యని కొలుచుకొనవలెనట. పిదప మదనపల్లెలో రెండు రాత్రులు. 1915లో వెలసిన బీసెంటు కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు విచ్చేసిరి. తాము రచించిన జనగణమనను అచ్చటి విద్యార్థులకు పాడి వినిపించి, 28వ తేదీన దానికి ఆంగ్లానువాదము వ్రాసిరి. ప్రిన్సిపాలు కజిన్సుగారి భార్య మార్గరెట్టుగారు సంగీతము తెలిసినది; ఆ పాటకు స్వరము కుదిర్చి వ్రాసిపెట్టినది ఆమె. రెండేండ్ల ముందు, 1917లో, స్త్రీలకు ఓటుహక్కు కావలయునని మంత్రి మాంటేగుగారివద్దకు పోయిన స్త్రీల రాయబారమునకు వెనుక నిలిచినవారిలో ఈమెయు ఒకతె. దినదినము బడిలో పాడు పాట మన ప్రక్క యూరి గదిలో ఈ రూపు దిద్దుకొనెనని మా పిల్లలకు పుస్తకము చెప్పలేదు.

మదనపల్లెలో నాకు ఇంకొక పని కలదు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరెల మగ్గములు చూచుట. కొనుటకు కాదు. (మావారు ఈ వాక్యమును రెండుమార్లు చదువుకొనిరి.)

తరువాతి దినము హార్సిలీకొండ. పూర్వము దీనిని ఏనుగు మల్లమ్మకొండ యనెడివారు. ఏనుగులు పెంచిన మల్లమ్మ యను బాలిక కథ ఒకటి కలదు. కడప కలెక్టరు హార్సిలీ దొర అచ్చట వేసవి బంగళా కట్టించుకొనిన పిదప కొండకు అతని పేరు వచ్చినది. అమ్మాయి ఆనాటి కాగితములో ఒక్కటే మాట వ్రాసినది: "ఏమీ లేదు." ఆ దినము ఏ గుడియు లేదు, ఏ కోటయు లేదు, ఎవ్వరును ఏమియు వండరు. హోటలులో తినుదుము. ఈ యొక్క షరతు నాది. ఇంటియందున్నను ప్రయాణమందున్నను ముందు లేచి పొయ్యి ముట్టించునది నేనే గనుక, చీటీ డబ్బులో ఒక్క దినము నాకు రావలయునని అడిగితిని. ఎవ్వరును కాదనలేదు.

పత్రికలో వ్రాయదగునో తగదో యని సందేహించుచు రెండు సంగతులు వ్రాయుచున్నాను. మొదటిది, తేదీల సంగతి. మగవారు సెలవులు చూచి తేదీలు పెట్టుదురు. ఇంటిలోని ఆడువారి నెల లెక్కలు చూడకయే గుళ్ల ప్రయాణము నిర్ణయించినచో, చివరకు ఒకతె గుడి బయట చెట్టుక్రింద మూటలకు కావలి యుండవలసి వచ్చును. నేనును అమ్మాయియు పంచాంగము ముందు పెట్టుకొని, గుళ్లున్న దినములు ఒక వైపునకు, కొండ దినము వేఱొక వైపునకు వచ్చునట్లు కూర్చితిమి. రెండవది, మఱుగు సంగతి. మగవానికి దారియెల్ల చెట్లే. ఆడువారు నీళ్లు త్రాగుట మానివేసి, ఎండలో తలనొప్పి తెచ్చుకొందురు. మూడేండ్ల క్రిందట మా అత్తగారు కూలబడుటకు ఇదియు ఒక కారణమని ఆమె తరువాత నాతో మాత్రము చెప్పిరి. ఉదయమునుండి ఆమె నీళ్లు ముట్టలేదట. అందుచేత ఈసారి ఎచ్చట శుభ్రమైన మరుగుదొడ్డి కలదో, ఏ పెట్రోలుబంకు, ఏ హోటలు, ఏ చుట్టముల యిల్లు అనునది ముందుగా విచారించి, గంటన్నరకు ఒకటి చొప్పున కాగితములో వ్రాసితిని. మావారు ఆ వరుస చూచి, ఇది తమకెన్నడును తోచలేదనిరి. తోచకపోవుట నిజమే.

ఆహారమునకు మొదటి దినము పులిహోరయు పెరుగన్నమును. ఆపైన నిలువయుండునవి నిప్పట్లు, ఓళిగలు, బొరుగులు, ఊరుబిండి. మరచెంబులు రెండు, మజ్జిగకు మట్టికూజా ఒకటి. అత్తగారికి మడతకుర్చీ.

కారు మావారి పూర్వవిద్యార్థిది. "ఇంత దూరానికి ఇన్ని దినాలా సార్! నాకు కిలోమీటర్లు పడవే," అని వాడు చిన్నబోయెను. దినమునకింతయని మాటాడి, నిలిచిన దినములకును కూలి యిచ్చునట్లు ఒప్పుకొంటిమి. వాని భోజనము మాతోనే.

కొండ దిగిన నాడు, చివరి దినము, వాయల్పాడు మీదుగా తరిగొండ. అచ్చటినుండి గుఱ్ఱంకొండ. కోట యెక్కము, అడుగుననున్న మహలు చూచి, సాయంకాలపు వెలుగులో కొండను క్రిందినుండియే చూతుము. హైదరు, టిప్పుల యేలుబడి, 1791 నాటి ముట్టడి మావారు అచ్చట నిలుచుండియే చెప్పగలరు.

నిన్న రాత్రి వారు ఈ నిర్ణయమునంతయు తమ చక్కని యక్షరములతో శుద్ధప్రతి వ్రాసిరి. ప్రతి యూరి కెదురుగా వేళ వేసిరి. తరిగొండ దగ్గఱకు వచ్చి, "ఇచ్చట ఎంతసేపు?" అని నన్నడిగిరి. నేను అత్తగారి వైపు చూచితిని. ఆమె వత్తుల పళ్లెరము ప్రక్కకు జరిపి, "నన్ను ఆ ఆంజనేయస్వామి దగ్గర కూర్చోబెట్టి, మీరు యాడికన్నా పోయి రాండి. నాకు తొందర ల్యా," అనిరి.

మావారు వేళ వేయలేదు. ఆ గడి ఖాళీగా విడిచిరి. సోమవారము తెల్లవారుజామున నాలుగింటికి కారు వచ్చును. ఇంకను మరచెంబులు తోముకొనవలసి యున్నది.